ఒలింపిక్ కాగడాలు: చేతిలో మోసే వస్తువుగా ఏది నెగ్గింది?

ఒలింపిక్ కాగడాను అందరూ చిహ్నంగా చూస్తారే తప్ప, ఒక పనిముట్టుగా తూచి చూసేవారు తక్కువ. కానీ దానికి అప్పగించిన పని చాలా స్పష్టమైనది: మిట్టమధ్యాహ్నపు ఎండలోనూ మంట కనిపించాలి, గాలికీ వానకూ ఆరిపోకూడదు, పట్టుకున్నది బడిపిల్లలైనా పండుముసలివారైనా చేయి పీకకుండా కొన్ని వందల మీటర్లు నడవగలగాలి. ఈ మూడు లెక్కలతోనే కొన్ని ముఖ్యమైన కాగడాలను ఇక్కడ బేరీజు వేస్తున్నాను. ఆకారం వెనక నిర్వాహకులు చెప్పే కథలకు విడిగా మార్కులు లేవు.

ఒక విషయం ముందే గమనించాలి. గ్రీసులోని ఒలింపియాలో హెరా ఆలయం ముందు పుటాకార దర్పణంతో సూర్యరశ్మి నుంచి పుట్టించిన అసలు జ్యోతి భద్రంగా ఉండేది కాగడాలో కాదు, వెంట వచ్చే వాహనంలోని గాజు లాంతరులో. ఆధునిక కాగడా నిజానికి ఒక గ్యాస్ బర్నర్. రెండు కాగడాల తలలు ఆనించి, కొత్తదాని గ్యాస్ తెరిచి, అది అంటుకోగానే పాతదాన్ని కట్టేస్తారు. దారిలో ఆరిపోయినా లాంతరు నుంచి మళ్లీ వెలిగించుకోవచ్చు కాబట్టి, తయారీదారులకు కొంత ధీమా ఎక్కువైందని నా అనుమానం.

చేతులు మారుతూ సాగే తొలి కాగడా రిలే 1936లో ఒలింపియా నుంచి బెర్లిన్‌కు సాగింది. ఆలోచన ఆ క్రీడల నిర్వాహకుడు కార్ల్ డీమ్‌ది, దాన్ని ప్రచారానికి వాడుకున్నది నాజీ ప్రభుత్వం, ఉక్కు కాగడాలు చేసిచ్చింది క్రుప్ సంస్థ. 1948 లండన్ క్రీడలకు రాల్ఫ్ లావర్స్ గీసిన అల్యూమినియం కాగడా చూడముచ్చటగా ఉండటమే కాక, ఆ తర్వాత చాలా వాటికి నమూనా అయింది. ఆ రోజుల్లో స్టేడియంలోకి వచ్చే చివరి కాగడాలో మంట బాగా కనిపించాలని మెగ్నీషియం మండించేవారు. కనిపించడం వరకు అది గొప్పగానే పనిచేసింది గానీ, 1956 మెల్‌బోర్న్‌లో నిప్పురవ్వలు రాలి, దాన్ని మోసిన పరుగువీరుడు రాన్ క్లార్క్ చేయి కాలింది. మోసేవారినే కాల్చే వస్తువుకు మంచి మార్కులు వేయలేం.

గట్టిదనంలో 2008 బీజింగ్ కాగడాకు సాటి లేదు. 72 సెంటీమీటర్ల పొడవు, 985 గ్రాముల బరువు, ప్రొపేన్ ఇంధనం; గంటకు 65 కిలోమీటర్ల గాలిని తట్టుకునేలా తయారుచేశారు. ప్రత్యేకంగా మలిచిన కాగడాతో ఆ ఏడాది మే 8న జ్యోతిని ఎవరెస్టు శిఖరం మీదికీ చేర్చారు. ఇంత చేసినా పారిస్ వీధుల్లో టిబెట్ అనుకూల నిరసనల నడుమ అధికారులే దాన్ని ఆర్పి బస్సు ఎక్కించవలసి వచ్చింది. అది కాగడా లోపం కాదు కనుక మార్కులు తగ్గించడం లేదు.

అన్ని విధాలా నాకు నచ్చింది మాత్రం 2012 లండన్ కాగడా. ఎడ్వర్డ్ బార్బర్, జే ఆస్గర్బీ రూపొందించిన ఈ మూడు పలకల బంగారు రంగు గొట్టం 80 సెంటీమీటర్ల పొడవున్నా బరువు 800 గ్రాములే. ఒళ్లంతా జల్లెడలా దాదాపు 8,000 రంధ్రాలు. ఎనిమిది వేల మంది మోసేవారికి అవి గుర్తు అన్నారు. అక్కడితో ఆగి ఉంటే నేనూ పట్టించుకునేవాణ్ని కాదు. ఆ రంధ్రాలే బరువు తగ్గించాయి, వేడిని పిడి దాకా దిగనీయకుండా వెదజల్లాయి, లోపల మండుతున్న బర్నర్‌ను బయటికి చూపించాయి. అలంకారమే పనిచేసిపెట్టిన కాగడా నాకు తెలిసి ఇదొక్కటే. లోపం లేదని కాదు: రిలే మొదలైన కొద్ది రోజులకే డెవన్‌లో బర్నర్ మొరాయించి ఒకటి ఆరిపోయింది.

దీనికి పూర్తి వ్యతిరేకం 2014 సోచీ కాగడా. అగ్నిపక్షి ఈక ఆకారం చూడటానికి అందమే, కానీ 95 సెంటీమీటర్ల పొడవు, సుమారు 1.8 కిలోల బరువు పెట్టి కూడా అసలు పనిలో తడబడింది. నీట మునిగిన ట్రాలీబస్సులోంచి ఎందరినో కాపాడిన ఈతగాడు షావర్ష్ కరపెత్యాన్ చేతిలో, సాక్షాత్తు క్రెమ్లిన్ దగ్గరే ఆరిపోతే, భద్రతా సిబ్బందిలో ఒకరు జేబులోని లైటర్‌తో వెలిగించారు. దాన్ని అంతరిక్షానికి పంపి వ్యోమగాముల చేత మోయించిన ఆర్భాటం ఈ లోటును పూడ్చదు. అక్కడ వెలిగించనే లేదు కదా!

2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల బ్యాటన్‌లో (కాగడాకు బదులు చేతులు మారే దండం) నిప్పు ఉండదు, సందేశం ఉంటుంది కాబట్టి దాన్ని వేరే తరగతిగా చూడాలి. దేశం నలుమూలల మట్టి రంగులను మెలి తిప్పినట్టు చుట్టిన తీరు మెచ్చదగినదే. అయితే ఒక సందేశాన్ని చేరవేసే వస్తువులో కెమెరా, ధ్వని రికార్డింగు, జీపీఎస్, రంగులు మారే దీపాలు కూరి 1,900 గ్రాములు చేయడం అతి.

2024 పారిస్ కాగడాపై నాది మిశ్రమాభిప్రాయం. మాథ్యూ లెహానూర్ రూపకల్పనలో పైసగం నున్నగా, కిందిసగం నీటి అలల్లా ఉంటుంది. రీసైకిల్ చేసిన ఉక్కుతో రెండు వేలు మాత్రమే చేసి, సుమారు పది వేల మందికి వాటినే మార్చి మార్చి ఇవ్వడం మంచి నిర్ణయం. కానీ ఉక్కు ఉక్కే; కిలోన్నర బరువును భుజం ఎత్తున పట్టుకోవడం వృద్ధులకు తేలిక కాదు.

వేలంలో పాత కాగడా కొనాలనుకునేవారికి ఒక మాట. 2012 లండన్ కాగడాను మోసినవారికి అప్పట్లో 199 పౌండ్లకే ఇచ్చారు. కొందరు వెంటనే ఇంటర్నెట్‌లో అనేక రెట్లకు అమ్ముకున్నారు. ఇచ్చేముందే గ్యాస్ డబ్బా తీసేశారు గనుక, కొన్నవారి చేతికి వచ్చేది గొట్టమే. అయినా వీటిలో ఏదో ఒకటి ఎంచుకోమంటే నేను అదే తీసుకుంటాను.