రిజిస్ట్రేషన్ ఆగిపోతే ఏది మేలు: గడువు పెంచుకోవడమా, ఏజీపీఏనా, అగ్రిమెంట్ రిజిస్టర్ చేయించడమా?

మేం ఇల్లు కొన్నామని తెలిసిన దగ్గర్నుంచీ బంధువులూ ఆఫీసువాళ్లూ అడిగేది ఒకటే. "అడ్వాన్స్ ఇచ్చేశాం, అగ్రిమెంట్ రాసుకున్నాం, రిజిస్ట్రేషన్ మాత్రం కదలట్లేదు. మీరేం చేశారు?" ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేసరికి అరగంట పడుతోంది, అందుకే ఇక్కడ రాస్తున్నా. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలన్నీ వరుసగా చూపే ధ్రువపత్రం), లింక్ డాక్యుమెంట్లు (ఆస్తి పాత పత్రాలు), మార్కెట్ విలువ (ప్రభుత్వం లెక్కగట్టే ధర) లాంటివి మీకు తెలుసనే అనుకుంటున్నా.

ముందు మా కథ. బోడుప్పల్ వైపు పాత ఇండిపెండెంట్ ఇల్లు, 82 లక్షలకు బేరం కుదిరింది. ఇల్లు వాళ్లమ్మగారి పేరున ఉంది, ఆవిడ పోయారు. వారసులు ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. కూతురు న్యూజెర్సీలో ఉంటుంది. వంద రూపాయల స్టాంపు పేపరు మీద అగ్రిమెంట్ రాసుకుని 5 లక్షలు ఇచ్చాం, 90 రోజుల గడువు పెట్టుకున్నాం. ఆ అమ్మాయి అక్కడి కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పవర్ ఆఫ్ అటార్నీ పంపింది. తీరా చూస్తే ఇంటి నంబరు సరిగానే ఉంది, ప్లాటు నంబరు తప్పు పడింది. మళ్లీ అపాయింట్‌మెంట్, మళ్లీ కొరియర్. అది వచ్చాక కూడా నేరుగా పనికిరాదు. విదేశంలో రాసిన పత్రం ఇక్కడికి చేరిన 3 నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు డ్యూటీ కట్టి వ్యాలిడేట్ చేయించుకోవాలి. 90 రోజుల పని 7 నెలలు పట్టింది.

మధ్యలో తలో సలహా. అమ్మేవాళ్ల పెద్దబ్బాయి "ఇంకో మూడు నెలలు ఓపిక పట్టండి, మేమెక్కడికి పోతాం?" అన్నాడు. బ్రోకరేమో "ఆ అన్నదమ్ములిద్దరి దగ్గర ఏజీపీఏ కొట్టించుకోండి సార్, ఏం కాదు, అందరూ గట్లనే చేస్తున్నరు" అన్నాడు (అగ్రిమెంట్, పవర్ ఆఫ్ అటార్నీ కలిసిన పత్రమే ఏజీపీఏ). మా లాయరుగారు మాత్రం "అగ్రిమెంట్‌నే రిజిస్టర్ చేయించండి" అన్నారు. చివరికి ఆయన మాటే విన్నాం. ఎందుకో చెప్పేముందు, అసలు ఆలస్యం ఎక్కడ అయిందో చూసుకోవాలి.

స్లాటు దొరకలేదు, సర్వరు డౌనయింది, సబ్ రిజిస్ట్రారు సెలవులో ఉన్నారు. ఇలాంటివైతే కంగారు పడాల్సింది లేదు. సేల్ డీడ్ మీద సంతకాలు అయిపోయి ఉంటే, సంతకం పెట్టిన రోజు నుంచి 4 నెలల్లోపు రిజిస్ట్రేషన్‌కు దాఖలు చేయొచ్చు. తప్పించుకోలేని కారణంతో అది దాటితే జరిమానాతో ఇంకో 4 నెలలు ఇచ్చే వీలుంది. రిజిస్టరయ్యాక అది సంతకం పెట్టిన రోజు నుంచే చెల్లుతుంది కూడా.

ఇంటి స్థలం 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడదని ప్రభుత్వం ఆపిన భూముల జాబితా) ఉందనుకోండి, అప్పుడు ఈ వ్యాసంలో చెప్పేవేవీ అక్కరకు రావు. సేల్ డీడ్ చేయని సబ్ రిజిస్ట్రారు ఏజీపీఏ కూడా చేయడు. "పై నుంచి తీయించేస్తాం, రెండు నెలల పని" అంటారు. తీయించాకే రమ్మనండి, మీ అడ్వాన్సు వెనక్కి తీసుకోండి. కట్టిన అడ్వాన్సుకు ఆ ఆస్తి మీదే హామీ ఉంటుందని ఆస్తి బదిలీ చట్టం చెబుతుంది. కానీ దాన్ని కోర్టులో రాబట్టుకోవడం కంటే మంచిమాటల్లో ఉండగానే తెచ్చుకోవడం సులువు.

ఇక మిగిలింది మా లాంటి కేసు. ఇల్లు మంచిదే, అమ్మేవాళ్లూ మంచివాళ్లే, ఒక కాగితం మాత్రం తక్కువైంది. వారసుల్లో ఒకరి సంతకం రావాలి, లేదా పాత లోను తీరినా బ్యాంకు పత్రాలు ఇవ్వలేదు. (లోను పూర్తిగా తీరిన 30 రోజుల్లో పత్రాలు ఇవ్వకపోతే రోజుకు 5,000 రూపాయలు పరిహారం కట్టాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది, 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. అమ్మేవాళ్లకు ఇది చాలామందికి తెలియదు, గుర్తుచేయండి.) అసలు ఎంపిక చేసుకోవాల్సి వచ్చేది ఇలాంటప్పుడే.

గడువు పెంచుకోవడంలో ఖర్చు లేదు, మనసులు నొచ్చుకోవు. అందుకే ఎక్కువమంది ఇదే చేస్తారు, అదీ నోటిమాటతో. కనీసం పాత అగ్రిమెంట్ వెనకాల కొత్త తేదీ రాయించి, అందరి సంతకాలూ సాక్షుల సంతకాలూ పెట్టించుకోవాలి. అగ్రిమెంట్‌లో రాసిన తేదీ నుంచి 3 ఏళ్లలోపే రిజిస్ట్రేషన్ చేయమని కోర్టుకెళ్లే హక్కు ఉంటుంది. "చేద్దాంలే" అన్న మాటతో ఆ లెక్క మారదు. ఇంకో సంగతి, ఎదురుచూస్తున్నన్నాళ్లూ ధరలు కూడా ఆగవు. తెలంగాణలో 2021 జులై 22న రిజిస్ట్రేషన్ ఖర్చు 6 శాతం నుంచి 7.5 శాతానికి పెరిగినప్పుడు, 50 లక్షల ఇంటికి కట్టాల్సింది ఒక్కరోజులో 3 లక్షల నుంచి 3 లక్షల 75 వేలయింది. 2022 ఫిబ్రవరిలో మార్కెట్ విలువలు కూడా పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఫిబ్రవరిలో సవరించారు. ఆలస్యం అమ్మేవాళ్లదైతే ఆ తేడా ఎవరు కట్టాలో గడువు పెంచే కాగితంలోనే రాయించండి. మేం అడిగితే పెద్దబ్బాయి వెంటనే ఒప్పుకున్నాడు. ఎందుకంటే అప్పటికింకా ఏమీ పెరగలేదు!

అసలు లోటు ఇది కాదు. గడువు పెంచుకున్నా, పెంచుకోకపోయినా, ఆ వంద రూపాయల కాగితం మన బీరువాలోనే ఉంటుంది. ఊళ్లో ఇంకెవరికీ దాని సంగతి తెలియదు.

ఏజీపీఏ అంటే విక్రయ ఒప్పందం, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రెండూ కలిసిన పత్రం. అగ్రిమెంట్‌తో పాటు అమ్మేవాళ్ల తరఫున సంతకం పెట్టే అధికారం కూడా మన చేతికి వస్తుంది. స్థలం బిల్డరుకు డెవలప్‌మెంటుకు ఇచ్చేటప్పుడు దీనికి అర్థముంది. ఇల్లు కొనుక్కుని అందులో కాపురముండబోయే మనిషికి మాత్రం నేను సిఫారసు చేయను. దీని స్టాంపు డ్యూటీ దాదాపు సేల్ డీడ్‌తో సమానం. అందులో ఎక్కువ భాగం తర్వాత సేల్ డీడ్‌లో సర్దుబాటు అవుతుందన్నది నిజమే, కానీ డబ్బు ఈ రోజే కట్టాలి. అంత కట్టినా యాజమాన్యం రాదు. 2011 అక్టోబరులో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: జీపీఏ ద్వారా జరిపే అమ్మకాలతో హక్కు బదిలీ కాదు, రిజిస్టరైన సేల్ డీడ్‌తోనే అవుతుంది. మా బ్యాంకు మేనేజరైతే ఒక్క ముక్కలో ముగించారు: "సేల్ డీడ్ తెండి, లోను తీసుకెళ్లండి."

దానికి తోడు, పవర్ ఇచ్చిన మనిషి పోతే ఏమవుతుంది? మన స్వప్రయోజనంతో ముడిపడిన పవర్ రద్దు కాదని కాంట్రాక్టు చట్టం 202వ సెక్షను చెబుతుంది, లాయర్లు దాన్నే చూపిస్తారు. నిజమే, వాదించొచ్చు. వారసులు అడ్డం తిరిగితే ఆ వాదన కోర్టులో చేయాలి, ఏళ్ల తరబడి. పైగా మా కేసులో అన్నదమ్ములిద్దరూ ఇచ్చే ఏజీపీఏ వాళ్ల వాటాలకే. చెల్లెలి సంతకం అప్పటికీ న్యూజెర్సీలోనే ఉంది. బ్రోకరు ఈ ముక్క చెప్పలేదు. ఆయన కమిషను మాత్రం ఏజీపీఏ రోజే ఇమ్మన్నాడు.

ఇక మేం చేసిన పని. స్వాధీనం లేకుండా విక్రయ ఒప్పందాన్ని సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టర్ చేయించాం. ఖర్చు సేల్ డీడ్‌తో పోలిస్తే చిన్న మొత్తం. నిజానికి ఉమ్మడి రాష్ట్రంలో 1999లో రిజిస్ట్రేషన్ చట్టానికి చేసిన సవరణతో విక్రయ ఒప్పందాలూ తప్పనిసరిగా రిజిస్టర్ కావాల్సిన జాబితాలో చేరాయి. ఆచరణలో పట్టించుకునేవాళ్లు తక్కువ. రిజిస్టర్ కాని అగ్రిమెంట్‌ను పట్టుకుని రిజిస్ట్రేషన్ చేయించమని కోర్టుకు వెళ్లే వీలు చట్టంలోనే ఉండటంతో "ఏం ఫరవాలేదు" అనే అలవాటు బలపడింది.

ఫరవా ఎక్కడుందంటే, ఈసీలో. నా దృష్టిలో మొత్తం వ్యవహారాన్ని తేల్చేది ఇదొక్కటే. రేపు ఇంకెవరో 90 లక్షలిస్తామని వస్తారు. అన్నదమ్ములు మంచివాళ్లే, కానీ 8 లక్షల తేడా అంటే ఎవరికైనా ఒక రాత్రి నిద్ర పట్టదు. వచ్చినవాడు ఈసీ తీస్తాడు. అందులో మన అగ్రిమెంట్ లేకపోతే నిశ్చింతగా కొనేస్తాడు. అప్పుడు మనం కోర్టుకెళ్తే అతను చెప్పే మాట: "వీళ్ల అగ్రిమెంట్ సంగతి నాకు తెలియదు, డబ్బిచ్చి మంచి మనసుతో కొన్నాను." అలా తెలియక, విలువ ఇచ్చి కొన్నవాడి మీద మన ఒప్పందం అమలు కాదు, చట్టం అతన్ని కాపాడుతుంది. మనకు మిగిలేది అమ్మినవాళ్ల మీద డబ్బు దావా.

అదే అగ్రిమెంట్ రిజిస్టరైతే ఈసీలో మన పేరు, తేదీ, డాక్యుమెంట్ నంబరుతో ఒక వరుస పడుతుంది. దాంతో "నాకు తెలియదు" అనే మాట ఎవరి నోటా చెల్లదు. అసలు ఆ వరుస చూశాక కొనడానికీ, దాని మీద లోను ఇవ్వడానికీ ఎవరూ ముందుకు రారు. అంటే కోర్టులో గెలవడం కాదు, కోర్టు దాకా వెళ్లాల్సిన అవసరమే రాకుండా పోవడం. ఏజీపీఏ కూడా ఈసీలో పడుతుంది కదా అంటారు. పడుతుంది, కానీ ఆ ఒక్క ప్రయోజనం కోసం అంత డ్యూటీ ముందే కట్టడం దేనికి?

మా అగ్రిమెంట్‌లో ఇద్దరన్నదమ్ములు తమ వాటాలకు కట్టుబడి, చెల్లెలి పవర్ ఆఫ్ అటార్నీ ఫలానా తేదీలోపు తెస్తామని రాశారు. తేలేకపోతే తీసుకున్న డబ్బు వడ్డీతో ఇవ్వాలి. చెల్లెలి వాటాకు ఇది కవచం కాదని మా లాయరుగారు ముందే చెప్పారు. అయినా మూడింట రెండు వాటాలు కదలకుండా ఉంటే, మిగిలిన ఆ ఒక్క వాటాను విడిగా ఎవరు కొంటారు?

దీనికి ఒక చిక్కుంది, అది అమ్మేవాళ్ల వైపు నుంచి చూస్తే తెలుస్తుంది. బేరం చెడితే ఈసీలోని ఆ వరుసను చెల్లకుండా చేయడానికి ఇద్దరూ వచ్చి రద్దు పత్రం రిజిస్టర్ చేయించాలి. కొన్నవాడు రానంటే, 5 లక్షలతో 82 లక్షల ఇల్లు కట్టేసినట్టే. చిన్నబ్బాయి ఇదే భయపడ్డాడు, తప్పు పట్టలేం. అందుకే మా వైపు నుంచి కూడా ఒక షరతు రాశాం. వాళ్లు కాగితాలన్నీ తెచ్చిన 45 రోజుల్లో మేం మిగతా డబ్బు కట్టకపోతే, అడ్వాన్సులో 1 లక్ష వదులుకుని రద్దు పత్రం మీద సంతకం పెడతాం. ఆ మాట చదివాక ఒప్పుకున్నాడు. ఇలాంటి షరతు ఇచ్చినా కూడా అగ్రిమెంట్ రిజిస్టర్ చేయనంటే మాత్రం, ఎందుకో గట్టిగా ఆరా తీయండి.

చిన్నాచితకా దారులు ఇంకొన్ని ఉన్నాయి. "రిజిస్ట్రేషన్ సంగతి తర్వాత, మూఢం వచ్చేలోపు పాలు పొంగించుకోండి" అని మా అత్తగారు కూడా అన్నారు. స్వాధీనం ఇచ్చినట్టు అగ్రిమెంట్‌లో రాస్తే దానికి సేల్ డీడ్ లెక్కన డ్యూటీ పడుతుంది. కట్టకపోతే కోర్టులో ఆ కాగితం ముందు జరిమానా అడుగుతుంది. తప్పదనుకుంటే విడిగా అద్దె ఒప్పందం రాసుకుని అద్దెకు దిగండి. లీగల్ నోటీసు, దావా చివరి మెట్లు, వాటి గురించి లాయరే చెప్పాలి. మీరు కొనేది బిల్డరు దగ్గర రెరా (బిల్డర్ల ప్రాజెక్టులను నియంత్రించే చట్టం) కిందికి వచ్చే ప్రాజెక్టులో అయితే కథే వేరు. రిజిస్టరైన అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతం మించి తీసుకునే హక్కు ఆయనకు లేదు. అడగడానికి మొహమాటం దేనికి?

అమ్మేవాళ్లు ఇక్కడి నివాసులైతే, ధర 50 లక్షలు, ఆపైన ఉంటే 1 శాతం టీడీఎస్ (వాళ్లకిచ్చే డబ్బులోంచి ముందే పట్టి కట్టే ఆదాయపు పన్ను) అడ్వాన్సు ఇచ్చేటప్పుడు కూడా పట్టుకోవాలి, ఆలస్యంతో అది ఆగదు. విదేశాల్లో స్థిరపడ్డవాళ్లకు ఆ లెక్క వేరు. అమ్మేవాళ్లు ముగ్గురైతే ముగ్గురికీ విడివిడిగా ఫారం నింపాలి. మేం మొదటి 5 లక్షలకు మర్చిపోయి తర్వాత వడ్డీతో కట్టాం.

సేల్ డీడ్ రాయించే రోజున డాక్యుమెంట్ రైటరు ఒక వాక్యం వదిలేయబోయాడు, మా లాయరుగారు పట్టుకున్నారు. ఫలానా నంబరు, ఫలానా తేదీ అగ్రిమెంట్‌కు కొనసాగింపుగానే ఈ అమ్మకం జరుగుతోందని సేల్ డీడ్‌లో రాయాలి. అది లేకపోతే పదేళ్ల తర్వాత మన దగ్గర కొనేవాడు ఈసీ తీసి, "ఈ అగ్రిమెంట్ ఏమైందండీ?" అని మనల్నే అడుగుతాడు.