స్పోర్ట్ క్వాడ్‌కి హిచ్: ఆరు నెలలు వాడాక

డాలస్‌కి ఉత్తరాన మాకు మూడెకరాల స్థలం ఉంది. నేలంతా నల్లరేగడి. ఎండాకాలం బీటలు వారి అరచెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది, వాన పడితే బూటు మట్టిలోనే ఉండిపోయి కాలొక్కటే బయటికొస్తుంది. మే నెలలో చిలకలూరిపేట నుంచి వచ్చిన మా నాన్న పిడికెడు మట్టి నలిపి చూసి, "మన పత్తిచేలో మట్టే కదరా ఇది, నాకంటే ముందే విమానమెక్కిందా?" అన్నారు. ఆ మట్టిలో ఒంటిచక్రం బండి తోస్తూ ఎరువు బస్తాలు మోయడం నా నడుము వల్ల కాలేదు. అందుకే ఇంట్లో ఉన్న స్పోర్ట్ క్వాడ్‌కి (లావు టైర్ల నాలుగు చక్రాల బండి) వెనక ట్రాలీ తగిలించుకునే ఈ హిచ్ కొన్నాను.

బండి 2007 హోండా టీఆర్ఎక్స్ 400ఈఎక్స్. మావాడు గట్ల మీద దూకించుకుంటాడని పాతది కొన్నది. పనికోసం చేసే యుటిలిటీ క్వాడ్‌లకి చాలావాటికి హిచ్ ప్లేటు కంపెనీ నుంచే వస్తుంది. ఇది స్పోర్ట్ మోడల్, వెనక ఒక గ్రాబ్ బార్ (చేత్తో పట్టుకునే కడ్డీ) తప్ప ఏమీ ఉండదు. నాన్న చుట్టూ ఒకసారి తిరిగి, "పందెం గుర్రానికి కాడి కడతానంటావేంట్రా" అన్నారు. ఆ మాట ఎంత నిజమో తర్వాత తెలిసింది.

మొదట తెప్పించింది గ్రాబ్ బార్‌కి తగిలించే రకం. చవక, పది నిమిషాల్లో బిగించొచ్చు. నాన్న అడ్డుపడ్డారు. ట్రాక్టర్‌కి మోకు వెనక కిందుండే డ్రాబార్‌కి కాకుండా పైన టాప్ లింక్ దగ్గర కట్టి మోడు పీకబోతే ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి, అలా బండి మీదపడి పోయినవాళ్లు మా వైపు ఉన్నారు. లాగే చోటు ఇరుసు కంటే కిందే ఉండాలి అన్నది ఆయన లెక్క. గ్రాబ్ బార్ ఇరుసుకి చాలా పైన ఉంటుంది. పైగా దాన్ని మోసే సబ్‌ఫ్రేమ్ గొట్టాలు సన్నవి. ఆ హిచ్ వెనక్కి పంపేశాను.

రెండోది, అంటే ఇప్పుడు వాడుతున్నది, స్వింగ్ఆర్మ్‌కి, అంటే వెనక ఇరుసుని మోస్తూ పైకీ కిందకీ ఊగే చట్రానికి, బిగించేది. ఇరుసు బేరింగ్ హౌసింగ్‌ని పట్టుకునే బోల్టుల దగ్గరే దీని ప్లేటు కూర్చుంటుంది. షాక్ అబ్జార్బర్ ఎంత ఊగినా హిచ్ ఇరుసుతో పాటే కదులుతుంది కాబట్టి ట్రాలీ ముక్కు పైకీ కిందకీ ఎగరదు. పావు అంగుళం మందం ఉక్కు, వెల్డింగ్ చక్కగా ఉంది. రంగు మాత్రం రెండు నెలలకే పెచ్చులూడింది.

నాకు ఒళ్లు మండింది బోల్టుల దగ్గర. ప్లేటు పావు అంగుళం మందం ఉంటే హోండా ఒరిజినల్ బోల్టు లోపలికి అంత తక్కువ దిగుతుంది కదా. అందుకని పొడవు బోల్టులు పెట్టెలో ఇవ్వాలి. ఇవ్వలేదు. హిచ్ రెండు ముక్కల్నీ కలిపే బోల్టులైతే ఇచ్చారు గానీ వాటి తలల మీద ఒక్క గీత కూడా లేదు. అంగుళాల కొలత బోల్టుల్లో గ్రేడ్ 5కి తల మీద మూడు గీతలుంటాయి, గ్రేడ్ 8కి ఆరు. నున్నటి తల అంటే మెత్తటి ఇనుమే. పెట్టె మీదేమో పెద్ద అక్షరాలతో 'హెవీ డ్యూటీ'. హార్డ్‌వేర్ షాపుకెళ్లి హిచ్‌కి గ్రేడ్ 8వి, హోండా వైపుకి 10.9 మార్కున్న మెట్రిక్ బోల్టులు, అదురుకి వదులవని నైలాక్ నట్లు కొన్నాను. బండి మిల్లీమీటర్లు, హిచ్ అంగుళాలు కాబట్టి రెండు సెట్ల స్పానర్లు పక్కనే పెట్టుకుని కూర్చోండి. గంటలో అయ్యే పనికి శనివారం మధ్యాహ్నమంతా పోయింది.

ఇంకో చిక్కు. ఈ హోండాలో చెయిన్ బిగించాలంటే ఆ బోల్టులే వదులు చేసి బేరింగ్ హౌసింగ్‌ని తిప్పాలి. అంటే చెయిన్ సవరించిన ప్రతిసారీ హిచ్‌నీ కదిలించాల్సిందే. ఈ సంగతి వాళ్ల కాగితంలో ఎక్కడా లేదు.

హిచ్ బిగించాక దాని కింద నేలకి మిగిలిన ఎత్తు అడ్డంగా పెట్టిన నా మూడు వేళ్లంత. మొదటి వారమే మోడుకి కొట్టుకుంది. మావాడు దూకించే రోజున ఊడదీసే పెడుతున్నాం.

లాగుడు సంగతి. పిన్నుతో తగిలించే చిన్న ప్లాస్టిక్ ట్రాలీకి, పొడి ఆకులకీ, నాలుగైదు ఎరువు బస్తాలకీ ఢోకా లేదు. వాన మర్నాడు తడి మల్చ్ (మొక్కల మొదట్లో పరిచే చెత్త) అంచుదాకా నింపి గట్టెక్కించబోయాను. హిచ్ చెక్కుచెదరలేదు, బండే చేతులెత్తేసింది. ఈ బండికి ఫస్ట్ గేరే పరుగు కోసం పెట్టింది, బరువు లాగడానికి నిదానంగా నడిపే లో రేంజ్ గేరు లేదు. హాఫ్ క్లచ్ మీద ఈడ్పిస్తే ఇంజిన్ గోల తప్ప చక్రం తిరగలేదు, మాడిన నూనె వాసన వచ్చింది. క్లచ్ ప్లేట్లు మార్చుకోవాల్సి వచ్చింది, తప్పు నాదే. తర్వాత చెయిన్ తిప్పే ముందు పళ్లచక్రం (స్ప్రాకెట్) ఒక పన్ను తక్కువది వేశాను, కాస్త నయం. ఇంజిన్ గాలితో చల్లబడే రకం, నీళ్ల రేడియేటర్ లేదు, కాబట్టి జులై ఎండలో నడక వేగంతో అరగంట లాగితే మోకాళ్లు కాలుతున్నాయి. నాన్న ఉన్నన్నాళ్లూ పొద్దున ఎనిమిదిలోపే పని ముగించేవాళ్లం.

రివర్స్ ఉంది గానీ పొట్టి ట్రాలీ కదా, వెనక్కి రెండు గజాలు వెళ్లేసరికి అడ్డం తిరుగుతుంది. పిన్ను తీసి చేత్తో తిప్పుకోవడమే సుఖం.

అయిదుకి మూడున్నర ఇస్తాను. ఉక్కుకి నాలుగున్నర, పెట్టెలో బోల్టులకి సున్నా. మీ దగ్గర యుటిలిటీ క్వాడ్ ఉంటే దీని జోలికి రావద్దు. నాలాగా ఉన్నది ఒక్క స్పోర్ట్ బండే అయితే కొనండి, బోల్టులు మాత్రం పార్సిల్ వచ్చేలోపే తెచ్చిపెట్టుకోండి. వాళ్లిచ్చే పిన్ను నలుపు రంగుది, గడ్డిలో పడితే దొరకదు. ఒకటి పోయింది. రెండోదానికి నాన్న ఊరెళ్లేముందు తన పాత ఎర్ర తువ్వాలు అంచు చించి కట్టారు, అది ఇంకా ఉంది.