యూఎస్‌బీ వైఫై డాంగిల్: ఎనిమిది నెలలు వాడాక

ల్యాప్‌టాప్‌లో పెద్ద సిస్టమ్ అప్‌డేట్ పడిన మర్నాటి నుంచి వైఫై దాగుడుమూతలు మొదలుపెట్టింది. పూర్తిగా పోయినా బాగుండేది. గీతలు నిండుగా కనిపిస్తాయి, కనెక్టెడ్ అనే ఉంటుంది, పేజీ మాత్రం తెరుచుకోదు. ఆఫ్ చేసి ఆన్ చేస్తే పావుగంట బుద్ధిగా ఉంటుంది. మీటింగ్‌లో నా వంతు వచ్చేసరికి సరిగ్గా మళ్లీ అదే పాట. విసిగిపోయి నెట్‌వర్క్ రీసెట్ కొట్టాను. దాంతో సేవ్ అయిన పాస్‌వర్డులన్నీ పోయాయి, జబ్బు మాత్రం అలాగే ఉంది. వారం రోజులు వేగాక, యూఎస్‌బీ పోర్టులో గుచ్చితే లోపలి కార్డుకి బదులు వైఫై అందుకునే ఈ చిన్న డాంగిల్ కొన్నాను.

కొనే ముందు చేసిన మంచి పని ఒక్కటే: తప్పు ఎవరిదో తేల్చుకోవడం. రౌటర్ పక్కనే కూర్చుని రెండు కమాండ్ విండోలు తెరిచాను. ఒకదాంట్లో రౌటర్ అడ్రస్‌కి, రెండోదాంట్లో బయటి సర్వర్‌కి ఆగకుండా పింగ్ (చిన్న పలకరింపు పంపి జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూడటం) పెట్టాను. అంత దగ్గర్లో రౌటర్ నుంచి జవాబు 2, 3 మిల్లీసెకన్లలో వచ్చేయాలి. నాకు కాసేపు అలాగే వచ్చి, ఉన్నట్టుండి 900 దాటి, ఆ తర్వాత వరసగా ‘రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్’. అదే వైఫై మీద ఫోన్‌లో వీడియో నిక్షేపంలా ఆడుతోంది. రెండడుగుల దూరంలో ఉన్న రౌటర్‌తోనే మాట కలవనప్పుడు ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లని తిట్టి ఏం లాభం? విండోస్ డివైస్ మేనేజర్‌లో చూస్తే ల్యాప్‌టాప్ లోపలి వైఫై కార్డు డ్రైవర్ (దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్) తేదీ మారి ఉంది. పాత డ్రైవర్‌కి వెనక్కి వెళ్లే రోల్ బ్యాక్ బటన్ ఉంది గానీ నొక్కుడు పడదు.

డాంగిల్ గుచ్చగానే పింగ్ కుదురుకుంది. లోపలి కార్డుని డిసేబుల్ చేయడం మర్చిపోకండి, లేదంటే రెండూ ఒకే నెట్‌వర్క్‌కి అతుక్కుని ఏది పనిచేస్తోందో తెలియకుండా పోతుంది.

మొదటి నెలలోనే ఒక వింత కనబడింది. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి ఫైళ్లు కాపీ చేస్తున్నంతసేపూ నెట్ చచ్చిపోతుంది, కాపీ అయిపోగానే లేచి కూర్చుంటుంది. రెండూ పక్కపక్క పోర్టుల్లో ఉన్నాయి. యూఎస్‌బీ 3.0 డేటా పంపేటప్పుడు పుట్టే రేడియో రొద సరిగ్గా వైఫై వాడే 2.4 గిగాహెర్ట్‌జ్ బ్యాండ్ మీద పడుతుంది. దీనిమీద ఇంటెల్ 2012లోనే ఒక పత్రం వెలువరించింది. డాంగిల్‌ని ఒక మూర పొడవు ఎక్స్‌టెన్షన్ కేబుల్‌కి తగిలించి, వైఫైని దాని రెండో బ్యాండ్ అయిన 5 గిగాహెర్ట్‌జ్‌కి మార్చాను. ఆ గొడవ మళ్లీ రాలేదు. నా దృష్టిలో ఈ డాంగిల్ విలువలో సగం ఆ కేబుల్‌దే.

లోపాలు కూడా చెప్పాలి. గంటసేపు పెద్ద డౌన్‌లోడ్ నడిస్తే వేలు పెట్టలేనంత కాలుతుంది. గోరంత యాంటెనా కాబట్టి రెండు గోడలు దాటితే 5 గిగాహెర్ట్‌జ్ సిగ్నల్ నీరసపడుతుంది. అన్నిటికన్నా చిరాకు, ల్యాప్‌టాప్ నిద్రలేచాక ఒక్కోసారి దీన్ని గుర్తుపట్టదు, పీకి మళ్లీ గుచ్చాలి.

ఆ చిరాకే అసలు మందు చూపించింది. డాంగిల్ ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ తెరిస్తే, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేయొచ్చు అనే టిక్కు ఉంది. తీసేశాను, నిద్రలేచాక సతాయింపు ఆగింది. (కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఆ ట్యాబే కనిపించదు.) లోపలి కార్డుకీ చూద్దును కదా, నేను ఎప్పుడో తీసేసిన టిక్కు అప్‌డేట్ తర్వాత మళ్లీ వచ్చి కూర్చుంది! అదీ తీశాను. తెగిపోవడాలు తగ్గాయి, 900 పింగులు మాత్రం పోలేదు. చివరికి ల్యాప్‌టాప్ తయారీదారు సపోర్ట్ పేజీ నుంచి ఒక మెట్టు పాత డ్రైవర్ దించుకుని, ఉన్నదాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డ్రైవర్‌ని కూడా తొలగించే టిక్కు పెట్టి, పాతది ఎక్కించాను. ఆ టిక్కు పెట్టకపోతే సిస్టమ్ కొత్త డ్రైవర్‌నే తెచ్చి పెట్టేస్తుంది, నాకు మొదటిసారి అదే జరిగింది. మళ్లీ వెంటనే మీద పడకుండా అప్‌డేట్లని కొన్నాళ్లు ఆపాను.

ఇప్పుడు లోపలి కార్డే నడుస్తోంది. అయినా డాంగిల్‌కి ఐదింటికి నాలుగు స్టార్లు ఇస్తాను, తగ్గిన ఒక్కటీ ఆ వేడికి. కేబుల్ చుట్టి బ్యాగు జేబులో పెట్టాను. పోయిన నెల ఇంకో అప్‌డేట్ పడిన రాత్రి రెండు గంటలసేపు దాన్ని మళ్లీ బయటికి తీయాల్సి వచ్చింది.