కుమాసి: మాన్హియా మ్యూజియానికి ఒక పూట, కెంటే మగ్గాలకు ఒక రోజు

ఉద్యోగానికో వ్యాపారానికో ఘనా రాజధాని అక్రా వెళ్ళే గుంటూరు, విజయవాడ వాళ్ళు రెండు రోజులు సెలవు దొరికితే సముద్రం ఒడ్డుకే పోతారు. ఘనాలో ఒక్క ఊరు చూసే తీరికే ఉంటే అది కుమాసి కావాలి. అసాంటే రాజ్యానికి రాజధాని అది. రాజు ఇప్పటికీ అక్కడే కొలువు తీరతాడు. అక్రా నుంచి సుమారు 250 కిలోమీటర్లు, బస్సుకు అయిదారు గంటలు పడుతుంది. విమానమైతే గంట లోపే.

టికెట్ కొనేముందు తేదీ చూసుకోండి. 42 రోజులకోసారి ఆదివారం నాడు 'అక్వాసిడే' జరుగుతుంది. మాన్హియా ప్రాసాదం ఆవరణలో పెద్ద పెద్ద గొడుగుల కింద, డోళ్ళ మోత మధ్య, ఒళ్ళంతా బంగారంతో రాజు ఒసెయి టుటు 2 దర్శనమిస్తాడు. ఒక్క వారం తేడాతో వెళ్ళినా ఇది దక్కదు. ఆ రోజు జనం ఎక్కువ, మ్యూజియం మరో రోజుకు పెట్టుకోండి. ఎవరికేమిచ్చినా, ఏం పుచ్చుకున్నా కుడిచేత్తోనే. ఈ మర్యాద మనకు ఎవరూ నేర్పక్కర్లేదు.

మాన్హియా మ్యూజియం చిన్నది. సీషెల్స్‌లో ప్రవాసం ముగించుకుని 1924లో తిరిగొచ్చిన రాజు ప్రెంపే 1 కోసం బ్రిటిష్ వాళ్ళు 1925లో కట్టిన మేడ ఇది. 1995లో మ్యూజియం అయింది. గైడు వెంట ఉండి తిప్పుతాడు. రాజులు, రాణుల నిలువెత్తు బొమ్మలు బాగానే ఉంటాయి కానీ అసలు చూడాల్సింది బంగారం. 1874లో బ్రిటిష్ సైన్యం కుమాసిని తగలబెట్టి ప్రాసాదాన్ని దోచింది. ఆ దోపిడీ సొత్తూ, ఇతరత్రా లండన్ చేరిన సొత్తూ కలిపి 32 వస్తువులు బ్రిటిష్ మ్యూజియం, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియాల నుంచి 2024లో ఇక్కడికి వచ్చాయి. వచ్చాయంటే ఇచ్చేశారని కాదు, మూడేళ్ళకు అరువు! వాళ్ళ సొమ్ము వాళ్ళకే అరువివ్వడమేమిటని అడగాలనిపిస్తుంది. మన అమరావతి శిల్పాలు 1880 నుంచి అదే బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి కాబట్టి గుంటూరు వాళ్ళకు ఈ గదిలో కాళ్ళు కాస్త ఎక్కువసేపే ఆగుతాయి. 2027 తర్వాత వెళ్ళేవాళ్ళు ఆ వస్తువులు ఉన్నాయో లేదో ముందే కనుక్కోవాలి. అసాంటేలు పవిత్రంగా చూసుకునే బంగారు పీఠం మాత్రం కనపడదు, దాన్ని ప్రదర్శనకు పెట్టరు.

పాతకాలపు అసాంటే పూజారి ఒకోంఫో అనోక్యే కత్తి పెద్దాసుపత్రి ఆవరణలో ఉంటుంది. నేలలో దిగిన కత్తి పిడి, దాని చుట్టూ ఓ కథ. దారిలో ఉంటే చూడండి, దానికోసమే ఆటో కట్టించుకుని పోనక్కర్లేదు. కెజేటియా మార్కెట్‌కు ఉదయం పూటే వెళ్ళాలి. ఆ వేల దుకాణాల మధ్య తెలిసినవాళ్ళు వెంట లేకపోతే దారి తప్పడం ఖాయం.

రెండో రోజు మొత్తం కెంటే అనే గుడ్డ నేసే పల్లె బోన్‌వైర్‌కే ఇవ్వండి. కుమాసికి ఇరవై కిలోమీటర్ల లోపు. మంగళగిరి గుంట మగ్గం ఎరిగినవాళ్ళకు ఇక్కడ కళ్ళు తిప్పబుద్ధి కాదు. మగ్గం సన్నది, నేసేది నాలుగంగుళాల పట్టీ. పడుగు దారాలు నేతగాడి ముందు చాలా దూరం సాగి ఉంటాయి, వాటి చివర బరువుకు రాయి పెట్టిన పలక. నేత సాగేకొద్దీ ఆ రాయి నేల మీద ఈడ్చుకుంటూ అతని వైపు జరుగుతుంది. పడుగును పైకీ కిందికీ మార్చే తాళ్ళను కాలివేళ్ళ సందున పట్టుకుంటాడు, చేతులు నాడె మీదే ఉంటాయి. ఇలాంటి పట్టీలు ఇరవైకి పైగా పక్కపక్కన కుడితే మగవాళ్ళ కెంటే ఒకటి తయారవుతుంది. ఈ నేత పనితనాన్ని యునెస్కో 2024లో తన జాబితాలో చేర్చింది.

కొనేటప్పుడు గుడ్డ తిరగేసి చూడండి. నేసినదైతే రంగులు వెనక కూడా నిండుగా ఉంటాయి, పట్టీల మధ్య కుట్టు వేలికి తగులుతుంది. అచ్చు గుడ్డకు వెనక వెలిసిపోయి ఉంటుంది, కుట్టు ఉన్నట్టు గీత మాత్రమే ఉంటుంది. కుమాసి బజారులో చవగ్గా దొరికేది ఎక్కువగా ఇదే. పట్టీలు కుట్టేచోట గళ్ళు ఎగుడుదిగుడుగా ఉంటే బేరమాడండి. నూలా, పట్టా, రేయానా అని అడిగి మరీ ధర మాట్లాడాలి.

తిండి దగ్గర శాకాహారులకు ఒక హెచ్చరిక. 'షీటో' అనే నల్లటి కారం చూడగానే మన పచ్చడిలా నోరూరుతుంది, అందులో ఎండు రొయ్యలూ చేపల పొడీ ఉంటాయి. 'వాచే' అనే అన్నం, అలసందల వంటకం మీద అడక్కుండానే అది వేసేస్తారు, ముందే వద్దనండి. పామాయిల్‌లో వండిన అలసందలతో వేయించిన అరటిపండు పెట్టే 'రెడ్ రెడ్' కూడా చేప వేయలేదని అడిగాకే తినాలి.

మన దేశం నుంచి బయల్దేరేవాళ్ళు ఎల్లో ఫీవర్ టీకా మర్చిపోతే అంతా వృథా. సూది వేయించుకున్న పది రోజులకు గానీ సర్టిఫికెట్ చెల్లదు. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, ముందే తేదీ తీసుకోవాలి. ఆ పసుపుపచ్చ పుస్తకం ఘనాలో దిగేటప్పుడే కాదు, తిరిగి మన దేశంలో దిగేటప్పుడూ అడుగుతారు. లేకపోతే క్వారంటైన్‌లో పెడతారు, ఆరు రోజుల దాకా. పాస్‌పోర్ట్‌తో పాటు చేతి సంచిలోనే ఉంచుకోండి, పెద్ద పెట్టెలో పెట్టకండి.