బరంపురంలో స్టూడియో లైట్లు కొనేవాళ్ళు ఆగండి, ముందు అడాప్టర్ తిప్పి చూడండి

పర్లాకిమిడి, పాతపట్నం, టెక్కలి వైపు నుంచి బరంపురం వెళ్ళి ఫొటో సామాన్లు తెచ్చుకునేవాళ్ళు ఇది ఒక్కసారి చదవండి. షాపు పేరు రాయట్లేదు, కంప్లైంట్ పెడుతున్నా కాబట్టి. నిన్న రాత్రే అక్కడ్నించి తిరిగొచ్చాను, ఇంకా ఒళ్ళు మండిపోతోంది.

మా మేడ మీద పదీ పన్నెండు గది ఒకటుంది, అందులో పసిపిల్లలవి, సీమంతాలవి పోర్ట్రెయిట్లు తీస్తాను. ఇన్నాళ్ళూ తూర్పు కిటికీ వెలుతురుతోనే నెట్టుకొచ్చాను గానీ మబ్బేస్తే మధ్యాహ్నం మూడింటికే కెమెరా మూసుకోవాల్సొస్తోంది. అందుకని మా ఆవిడ పాడిన చీటీ డబ్బులు పట్టుకుని వెళ్ళాను. నిజానికి నేను వెళ్ళింది ఫ్లాష్ కోసం. 200 వాట్-సెకండ్ల స్టూడియో ఫ్లాష్ ఒకటి, వెలుతురు మెత్తగా పడేలా దానికి తొడిగే 90 సెంటీమీటర్ల గుడ్డపెట్టె, అదే సాఫ్ట్‌బాక్స్ ఒకటి, రెండో పక్క వెలుతురు తిప్పికొట్టడానికి తెల్ల థర్మాకోల్ షీటు. అంత చిన్న గదికి ఇది చాలు, కాయితం మీద రాసుకుని మరీ వెళ్ళాను. ఆ కాయితం జేబులోంచి తియ్యకుండానే ఇంకోటి కొనుక్కొచ్చాను, అదే నన్ను తినేస్తోంది.

షాపాయన మహా ఆప్యాయంగా మాట్లాడాడు. "ఏ ఊరు తమ్ముడూ, మనం మనం తెలుగోళ్ళం, నీకు తప్పు సామాను ఇస్తానా" అన్నాడు, టీ తెప్పించాడు. ఫ్లాష్ పెడితే పసిపిల్లల కళ్ళు పోతాయని భయపెట్టాడు (తర్వాత మా పిల్లల డాక్టరు గారిని అడిగితే మామూలు ఫ్లాష్‌కి కళ్ళకేమీ కాదన్నారు, ఈ ముక్క ముందే అడగాల్సింది). ఎల్ఈడీ లైట్లు 300 వాట్లవి జత, సీఆర్ఐ (ఆ వెలుతురులో రంగులు ఎంత నిజంగా కనపడతాయో చెప్పే నంబరు, వందకి) 97, స్టాండ్లు సాఫ్ట్‌బాక్సులతో సహా 18,500 అన్నాడు. ఫుల్లులో పెట్టి నా అరచెయ్యి ఫొటో తీయించాడు, కెమెరా వెనక స్క్రీన్ మీద బాగానే ఉంది. ఫోన్‌పే కొట్టేశాను. బిల్లు అడిగితే చిన్న చీటీ రాసిచ్చాడు, జీఎస్టీ నంబరు లేదు, కింద అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు అని ముద్ర.

మొన్న ఆదివారం మూడు నెలల పాపతో ఒక కుటుంబం వచ్చారు. ఆ పాప తల్లి వాళ్ళమ్మ పెళ్ళినాటి బరంపురం పట్టు కట్టుకొచ్చింది, గుడి అంచు చీర, నిగనిగలాడే ఎరుపు. పాప నిద్రలో ఉందని లైట్లు సగానికి తగ్గించి, చప్పుడు రాకుండా సైలెంట్ షట్టర్ పెట్టి తీశాను. కంప్యూటర్లో వేసి చూద్దును కదా, ప్రతి ఫొటోలో అడ్డంగా చారలు, పాప నుదుటి మీద ఒకటి, బుగ్గ మీద ఒకటి, తడిగుడ్డతో తుడిచినట్టు. చీర ఇటుక రంగు. ఆవిడ కుంకుమ బొట్టు ఎండిపోయిన రక్తంలాగ ఉంది. రంగులు సరిచూసుకునే బూడిదరంగు అట్ట, గ్రే కార్డు, పెట్టి వైట్ బ్యాలెన్స్ సరిచేస్తే తెలుపు తెల్లగానే వచ్చింది, ఎరుపు మాత్రం రాలేదు.

రాత్రంతా కూర్చుని చదివితే అప్పుడు తెలిసింది. సీఆర్ఐ అని చెప్పే నంబరు ఎనిమిది లేత రంగుల సగటు అంట, ముదురు ఎరుపు, దాన్ని ఆర్9 అంటారు, అది ఆ లెక్కలోకే రాదు. మనిషి చర్మానికి, పెదాలకి కావాల్సిందేమో అదే. చారలకి కారణం, చౌక ఎల్ఈడీని తగ్గిస్తే అది నిజంగా మసకబారదు, కంటికి తెలియనంత వేగంగా ఆరి వెలుగుతుంటుంది, సైలెంట్ షట్టర్ ఫొటోని వరస వరసగా చదువుతుంది కాబట్టి ఆరిన క్షణాలన్నీ చారలుగా పడతాయి. ఫుల్లులో పెడితే కనపడదు, షాపులో ఫుల్లులోనే ఎందుకు చూపించాడో ఇప్పుడు అర్థమైంది. ఇంకా ఘోరం, అడాప్టర్ తిప్పి చూశాను, దాని మీద 24 వోల్టులు, 4 ఆంప్స్ అని చిన్నక్షరాలతో ఉంది. గుణిస్తే 96. అట్ట మీద 300, వెళ్ళేదేమో 96 వాట్లు, ఇంక అందులోంచి 300 ఎక్కడ్నించి వస్తుంది.

నిన్న పొద్దున్నే బస్సెక్కి రెండు అట్టపెట్టెలు ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాను. కౌంటర్ మీద అడాప్టర్ పెట్టి, "అన్నయ్యా, ఒకసారి ఇది చూడండి" అన్నాను. ఆయన తలెత్తి నన్ను చూశాడు, గుర్తుపట్టాడు, నాకు బాగా తెలిసింది గుర్తుపట్టాడని. జవాబు మాత్రం ఒడియాలో చెప్పాడు. నేను మళ్ళీ తెలుగులోనే అడిగాను. మళ్ళీ ఒడియానే, నాకు తెలుగు రాదు, ఏం కావాలి అని. వారం కిందట తమ్ముడూ అన్న నోరే కదండీ అది. పక్కనున్న కుర్రాడు తల దించేసుకున్నాడు, వాడే మొన్న నాకు టీ తెచ్చిచ్చింది. నేను పర్లాకిమిడిలో పుట్టాను, ఒడియా మీడియంలో చదివాను, ఒడియాలోనే అంతా వివరంగా చెప్పాను. అప్పుడు మొహం అటు తిప్పి ఆ కుర్రాడితో అన్నాడు, ఫొటో తియ్యడం రానోళ్ళంతా వచ్చి లైటు మీద పడి ఏడుస్తారు అని. కొనడానికొచ్చిన ఇద్దరు చూస్తున్నారు. డబ్బు పోయినదానికి కాదు, ఆ మాటకి నా చేతులు వణికాయి. పదకొండేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను నేను. మనోడు అన్న ఒక్క మాట నమ్మి రాసుకెళ్ళిన కాయితం తియ్యలేదు, తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. కానీ భాషని ఎర వేసి అమ్మి, అదే భాష రాదన్నాడు చూడండి, అది మాత్రం నేను మర్చిపోలేను.

కొనేముందు లైటు సగానికి తగ్గించి సైలెంట్ షట్టర్‌తో తీసి చూడండి, ఎర్రగుడ్డ ఒకటి పట్టుకెళ్ళండి, అడాప్టర్ మీద వోల్టులూ ఆంప్సూ గుణించండి. జీఎస్టీ బిల్లు లేకుండా డబ్బు కట్టకండి. పాడు సరుకు వాపసు తీసుకోను అంటే చెల్లదు, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లులో గడువు రాయకపోతే 30 రోజుల్లోపు తీసుకోవాల్సిందే. కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. కన్జ్యూమర్ కమిషన్‌లో కేసు మనముండే జిల్లాలోనే వెయ్యొచ్చు, 5 లక్షల లోపు సరుక్కి ఫీజు లేదు. నా దగ్గర ఫోన్‌పే రసీదు, సీఆర్ఐ 97 అని ఆయన పెట్టిన వాట్సాప్ మెసేజి ఉన్నాయి.

ఆ పాప వాళ్ళకి డబ్బు తిరిగిచ్చేస్తానంటే వద్దన్నారు, వచ్చే ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి మళ్ళీ వస్తున్నారు, అదే చీరతో. కిటికీ దగ్గరే తీస్తాను. ఇలాంటి లైటు మీలో ఎవరన్నా కొనుంటే అడాప్టర్ లేబుల్ ఫొటో తీసి పంపండి, కేసుకి పనికొస్తుంది.