పన్ను తీయించుకునే ముందు, తీశాక ఏం చేస్తారో అడగండి

కూకట్‌పల్లిలోని ఒక దంతవైద్యశాలలో మా తమ్ముడు కింది జ్ఞానదంతం తీయించుకున్నాడు. పన్ను బాగానే తీశారు, అందులో వంక పెట్టను. ఆ తర్వాత జరిగిందే ఘోరం.

డబ్బు కట్టగానే ఒక సంచి చేతిలో పెట్టారు: మౌత్‌వాష్, పేస్టు, బ్రష్షు. మేం అడగని ఆ సరుకు ధర కూడా బిల్లులో కలిపేశారు. డాక్టరు అప్పటికే వేరే గదిలోకి వెళ్లిపోయారు. "ఈ రాత్రి నుంచే బాగా పుక్కిలించండి" అని చెప్పింది కౌంటరు దగ్గరి అమ్మాయి. జాగ్రత్తలు రాసిన కాగితం ముక్క కూడా లేదు.

దయచేసి ఇది గుర్తుంచుకోండి. పన్ను తీసిన గుంటలో రక్తం గడ్డకట్టి లోపలి ఎముకను కప్పి ఉంచుతుంది. మొదటి 24 గంటలు పుక్కిలించకూడదు, గట్టిగా ఉమ్మకూడదు, స్ట్రాతో తాగకూడదు. గోరువెచ్చని ఉప్పునీళ్లు మర్నాటి నుంచే, అదీ మెల్లగా. సిగరెట్ కనీసం మూడు రోజులు ముట్టకూడదు. ఆ గడ్డ ఊడిపోతే వచ్చేదే డ్రై సాకెట్. కింది జ్ఞానదంతాల విషయంలో ఇది మరీ ఎక్కువ.

మూడో రోజుకు తగ్గాల్సిన నొప్పి పెరిగి చెవిలోకి లాగింది. నోరు తెరిస్తే కుళ్లు వాసన. టార్చి వేసి చూస్తే గుంట ఖాళీగా ఉంది, అడుగున తెల్లగా ఎముక. ఫోను చేస్తే "మామూలే, నొప్పి మాత్ర వేసుకోండి" అన్నారు. తీసుకెళ్తే మళ్లీ ఫీజు కట్టమన్నారు! వాళ్లు తీసిన పన్ను, వాళ్లు చెప్పిన తప్పు, ఫీజు మాత్రం మాది.

అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంతవైద్యశాలలో గుంటను సెలైన్‌తో కడిగి, లవంగ నూనె కలిసిన మందు పెట్టారు. ఆ రాత్రి వాడు నిద్రపోయాడు.

కాబట్టి డబ్బు కట్టకముందే అడగండి: నొప్పి పెరిగితే ఎవరికి ఫోను చేయాలి, మళ్లీ చూసినందుకు విడిగా తీసుకుంటారా, జాగ్రత్తలు రాసిస్తారా? తడబడితే లేచి వచ్చేయండి. జ్వరం వచ్చినా, వాపు పెరిగినా, మింగడం కష్టమైనా ఫోన్లతో కాలయాపన చేయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. బిల్లు, ఎక్స్‌రే తప్పనిసరిగా తీసుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయాలంటే చేతిలో అవి ఉండాలి.