"ఆ చిటపట సంగీతంలోదే" అంటూ గీతలు పడ్డ రికార్డు అంటగట్టారు, జాగ్రత్త

పోల్ పేరుతో సంగీతం చేసే స్టెఫాన్ బెట్కే మొదటి ఆల్బమ్ '1' పాత ఎల్పీ రికార్డు కోసం వెతుకుతున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి.

పోయిన నెల ఆన్‌లైన్‌లో ఒకతని దగ్గర కొన్నాను. "కొత్తదానిలాగే ఉంది" అని రాశాడు. ఇంటికొచ్చాక ముల్లు పెడితే మొదటి ట్రాక్ నుంచే టిక్కు టిక్కుమంటోంది. అడిగితే, "ఈ ఆల్బమ్ అంతేనండీ, ఆ చప్పుడు సంగీతంలోనే ఉంది" అన్నాడు.

అందులో సగం నిజం ఉంది. మోసపోయేది అక్కడే. 1996లో బెట్కే దగ్గరున్న వాల్డార్ఫ్ 4-పోల్ అనే ఫిల్టర్ (శబ్దం తీరు మార్చే ఎలక్ట్రానిక్ పరికరం) కిందపడి పాడైంది. ఇక అందులోంచి నూనెలో ఆవాలు పేలినట్టు చిటపటలు. ఆయన దాన్ని పారేయకుండా ఆ చిటపటనే లయగా చేసుకుని, అడుగున డబ్ (జమైకాలో పుట్టిన సంగీత శైలి) తరహా బరువైన బేస్ పరిచి, 1998లో నీలం అట్టతో ఈ ఆల్బమ్ తెచ్చాడు. పోల్ అన్న పేరూ ఆ ఫిల్టర్‌దే. ఇంత అందమైన కథని అడ్డం పెట్టుకుని పాడైన సరుకు అమ్మడం నాకు నిజంగా బాధ కలిగించింది. అతని మాట నమ్మి రెండు వారాలు ఊరుకున్నాను, ఈలోగా వాపసు గడువు అయిపోయింది.

తేడా పట్టుకోవడం కష్టమేం కాదు. ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది, అంటే చుట్టుకు 1.8 సెకన్లు. గాళ్లకు అడ్డంగా గీత పడితే ముల్లు ప్రతి చుట్టులోనూ దానికి తగులుతుంది. ఒక టిక్కు దగ్గర ఫోన్‌లో స్టాప్‌వాచ్ మొదలుపెట్టి చూడండి: ఆ తర్వాతి పది టిక్కులకు 18 సెకన్లు పడితే అది గీతే. బెట్కే చిటపట అలా గడియారంలా కొట్టదు, బేస్ చుట్టూ అల్లుకుని గుంపులుగా వస్తూ పోతూ ఉంటుంది. ట్రాక్‌కీ ట్రాక్‌కీ మధ్య ఉండే ఖాళీ గాడి కూడా వినండి. సంగీతమే లేని చోట టిక్కుమంటే ఇక అనుమానం అక్కర్లేదు. నా రికార్డు అక్కడా టిక్కుమంటూనే ఉంది.

కొనే ముందు ఆ ఖాళీ గాడి వినిపించే వీడియో, ఏటవాలు వెలుతురులో తీసిన ఫోటో అడగండి. పాత ముద్రణే కావాలన్న పట్టుదల లేకపోతే, 2020లో మ్యూట్ సంస్థ '1', '2', '3' ఆల్బమ్‌లను కలిపి మళ్లీ విడుదల చేసింది. నేనిప్పుడు దానికోసమే డబ్బు దాచుకుంటున్నాను.